కాకర, బీర గింజలు ఇంట్లో మొలకెత్తించడం: గ్లాసు నీళ్లా, టిష్యూ కాగితమా, మట్టా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమలాపురంలో మేడ మీద కుండీల్లో డిసెంబరు నెలాఖరున పది కాకర గింజలు, పది బీర గింజలు పెట్టారు. రోజూ రెండు పూటలా నీళ్లు పోశారు. పన్నెండు రోజులు గడిచినా బీరలో మూడు, కాకరలో ఒకటి మాత్రమే పైకి వచ్చాయి. గ్లాసు నీళ్లలో వేసి ఉంచడం, తడి టిష్యూ కాగితంలో చుట్టడం, నేరుగా మట్టిలో పెట్టడం అనే మూడింటిలో ఏది మంచిదన్నది మీ మొదటి ప్రశ్న. కుండీలో మిగిలిన గింజలను తవ్వి చూడవచ్చా అన్నది రెండోది.

ముందుగా సమాధానం చెబుతాను. కాకర, బీర, సొర, పొట్ల వంటి పెంకు గింజలను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, తెల్లవారగానే ఆ నీటిని పూర్తిగా వంచేసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డలో మూటగట్టి వెచ్చని చోట ఉంచి, ముక్కు పగలగానే, అంటే పెంకు చీలి వేరు కొన కనిపించగానే, మట్టిలోకి మార్చడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. టిష్యూ కాగితం ఆ గుడ్డకు బదులుగా పనికొస్తుంది. గ్లాసు నీళ్లు మొదటి రాత్రి వరకే పనికొస్తాయి. నేరుగా మట్టిలో పెట్టడం తొలకరిలోనూ వేసవిలోనూ చక్కగా సరిపోతుంది గానీ, పుష్యమాసంలో, అందునా మేడ మీద మంచుకు తడిసే కుండీల్లో, అది గింజలకు పరీక్ష పెట్టినట్టే అవుతుంది. మీ గింజలు నీళ్లు చాలక ఆగిపోలేదు. నీళ్లు ఎక్కువై, వెచ్చదనం తక్కువై ఆగిపోయాయని నా అంచనా.

నేను ఇరవై ఏళ్లకు పైగా కడియం దగ్గర కూరగాయల నారు పెంచుతున్నాను. అయితే గింజకు ఏం కావాలో నాకు నేర్పింది నర్సరీ కాదు, మా ఇంటి వరి మండె. డెల్టాలో పుట్టిన మీకు మండె కట్టడం తెలిసే ఉంటుంది. పట్నంలో పెరిగినవారి కోసం ఒక్క మాట చెబుతాను. ఆకుమడి, అంటే వరి నారు పెంచే మడి, చల్లే ముందు వడ్లను 24 గంటలు నీళ్లలో నానబెడతారు. తరువాత నీళ్లన్నీ కారిపోయేలా గోనె సంచుల్లోకి ఎత్తి, మీద వరిగడ్డి కప్పి, బరువు పెట్టి, మరో 24 గంటలు, చలికాలమైతే ఇంకొంచెం ఎక్కువసేపు, అలా మూసి ఉంచుతారు. ముక్కు పగిలిన గింజలను దమ్ము చేసిన, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నిన, మడిలో పలచగా చల్లుతారు. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, నానబెట్టడం వేరు, మండె కట్టడం వేరు. మొదటిది గింజకు నీరు పట్టించడం. రెండోది ఆ నీటిని తీసివేసి గాలిని, వేడిని అందించడం. నీళ్లలో బతికే పంటగా పేరున్న వరికే రైతు నీళ్లు వంచేస్తున్నాడంటే కాకర గింజను గ్లాసులో మూడు రోజులు ముంచి ఉంచడం ఎంత పొరపాటో ఊహించుకోవచ్చు.

దీని వెనుక కారణం సూటిగానే ఉంటుంది. ఎండిన గింజ నీటిని పీల్చుకొని ఉబ్బడం దాదాపు స్పాంజీ ఉబ్బడం వంటిదే, చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది. ఆ తరువాత లోపల పిండి కరిగి, కణాలు పని మొదలుపెట్టినప్పటి నుంచి గింజ మనలాగే ఊపిరి పీలుస్తుంది, దానికి ప్రాణవాయువు కావాలి. నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు చాలా స్వల్పం. అది అయిపోయాక గింజ ఊపిరాడక పులియడం మొదలవుతుంది. గ్లాసు అడుగున నురగ, జిగురు, పుల్లటి వాసన కనిపిస్తే అర్థం అదే. వరి ఒక్కటే ఈ విషయంలో కొంత మొండిది: నీటి అడుగున కూడా మొలక బయటికి పంపగలదు. కానీ అప్పుడు కూడా వేరు రాదు, పాలిపోయిన మొలక మాత్రమే సాగుతుంది. వేరు కావాలంటే వరికైనా గాలి కావలసిందే.

వేడి సంగతి నాకు బాగా గుర్తుండేలా నేర్పిన సంఘటన ఒకటి ఉంది. నేను పదో తరగతిలో ఉండగా సార్వా (వానాకాలం పంట) ఆకుమడికి మండె కట్టి, మా నాన్నగారు పెళ్లికి వెళుతూ, పూటకొకసారి సంచులు విప్పి కలియబెట్టి కాసిని నీళ్లు చిలకరించమని నాకు అప్పగించారు. నేను ఆ పని చేయలేదు. మరుసటి రోజు సాయంత్రం గుర్తుకొచ్చి సంచిలో చెయ్యి పెడితే మోచేతి దాకా ఆవిరి తగిలింది, మధ్యలో గింజలు చెయ్యి నిలవనివ్వనంత వేడిగా ఉన్నాయి, కల్లు పులిసిన వాసన వచ్చింది. సంచి అంచుల వెంబడి ఉన్నవి మాత్రం తెల్లగా ముక్కు పగిలి ముచ్చటగా ఉన్నాయి. నడిమి గింజలు గోధుమ రంగుకు తిరిగి, వేళ్లతో నొక్కితే పాలు కక్కాయి. గింజ ఊపిరి పీల్చేకొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడి కొంత వరకు మొలకను తొందరపెడుతుంది, అది దాటితే ఉడికించేస్తుంది. మా నాన్నగారు తిరిగి వచ్చాక నన్ను ఏమీ అనలేదు గానీ, ఆ ఏడు ఆకుమడి చల్లడం మాత్రం వారం రోజులు వెనకబడింది.

మీ ఇంట్లో పది గింజల మూటలో అంత వేడి పుట్టదు. పైనుంచి మనమే ఇవ్వాలి. తీగ కూరగాయల గింజలకు 25 నుంచి 30 డిగ్రీలు అనుకూలం. కోనసీమలో పగలు ఎండ బాగానే ఉన్నా, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కుండీ మట్టి 20 డిగ్రీలకు దిగువకు జారుతుంది. దానికి తోడు రెండు పూటలా చల్లటి నీళ్లు పోస్తే అది రోజంతా చల్లగానే ఉంటుంది. వేసవిలో ఐదారు రోజుల్లో వచ్చే బీర అప్పుడు పది పన్నెండు రోజులు తీసుకుంటుంది. కాకర ఇంకా ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యంలోనే కుళ్లు తెగులు దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి మీరు ప్యాకెట్టును అనుమానించే ముందు నెలను అనుమానించండి.

ఇక చేసే విధానం వివరంగా చెబుతాను. సాయంత్రం కాకర గింజలను తీసుకొని గోళ్ల కత్తెరతో మొన దగ్గర పెంకును రవ్వంత మాత్రం కత్తిరించండి. మొన అంటే గింజ కాస్త సన్నబడి రెండు పెదవుల్లా కలిసే చివర. వేరు అక్కడి నుంచే వస్తుంది కనుక లోపలి పప్పుకు గాటు పడకూడదు. చెయ్యి వణుకుతుందని సందేహం ఉంటే కత్తిరించకండి, గరుకు కాగితం మీద రెండు పక్కల అంచులనూ నాలుగైదు సార్లు రుద్దితే చాలు. బీరకు ఈ శ్రమ చాలాసార్లు అవసరం ఉండదు, సొరకు అసలే ఉండదు. తరువాత గోరువెచ్చని నీళ్లలో పది పన్నెండు గంటలు నాననివ్వండి. కాకరను 24 గంటల దాకా ఉంచినా నష్టం లేదు గానీ మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. తేలిన గింజలన్నీ పప్పు లేని తాలువే అనుకొని పారవేయకండి. బీర, కాకర గింజల్లో పెంకుకూ పప్పుకూ మధ్య గాలి ఉంటుంది, అందువల్ల మంచివి కూడా తేలతాయి. కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపిన నీళ్లలో వడ్లు పోసి, తేలిన తాలును తీసివేసే పద్ధతి వరికి చక్కగా పనిచేస్తుంది కనుక అన్నిటికీ పనిచేస్తుందని చాలామంది పొరబడతారు. ఆ వడ్లనైనా తరువాత మంచినీటితో రెండు మూడు సార్లు కడిగిగానీ మండె కట్టరు.

ఉదయం నీళ్లు వంచేసి, పాత నూలు పంచె ముక్కనో తువ్వాలునో తడిపి, చుక్క కారకుండా పిండి, గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా పరచి చుట్టండి. గుడ్డ తాకితే వేళ్లకు చల్లగా తడి తెలియాలి, పిండితే నీరు రాకూడదు. ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు. టిష్యూ కాగితం వాడేవారు రెండు మూడు పొరలు వాడాలి, వేర్లు దానిలోకి చొచ్చుకుపోక ముందే తీయాలి. చొచ్చుకుపోతే వేరును లాగకుండా ఆ కాగితం ముక్కతోనే నాటివేయవచ్చు. ఆ మూటను చిన్న డబ్బాలో పెట్టి, మా ఇంట్లో చేసినట్టు చపాతీల హాట్‌బాక్సులో ఉంచి, పక్కన గోరువెచ్చని నీళ్ల సీసా ఒకటి పెట్టి మూత మూయండి. పొద్దున, సాయంత్రం మూత తీసి గాలి ఆడనిచ్చి, సీసాలో నీళ్లు మార్చండి. మా అమ్మగారు ఈ మూటను అరిటాకులో చుట్టి పశువుల పేడకుప్ప అంచున పాతేవారు. ఎరువు మాగుతున్నప్పుడు పుట్టే వేడి గింజకు అందేది. అపార్ట్‌మెంటులో ఉన్నవారికి ఆ భాగ్యం లేదు కనుక హాట్‌బాక్సు చెబుతున్నాను. ఇంట్లోవారు దాన్ని చపాతీల కోసం తెరవకుండా ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

బీర మూడో రోజుకు, కాకర నాలుగు నుంచి ఏడో రోజుకు మొన దగ్గర చీలి తెల్లటి వేరు కొన చూపుతుంది. వేరు అర సెంటీమీటరు మించక ముందే మట్టిలోకి మార్చాలి. తీగ జాతి మొక్కలకు వేరు కదిపితే కోపం ఎక్కువ. అందుకే ట్రేలో పెంచి పీకి నాటడం కంటే కాగితపు కప్పులోనో, అరటి డొప్పను మడిచి పుల్ల గుచ్చిన దొన్నెలోనో పెట్టి, రెండు మూడు ఆకులు వచ్చాక దొన్నెతో సహా పాతడం మేలు; రావులపాలెం చుట్టుపక్కల అరటి డొప్పకు కరువేముంది? గింజను వేరు కొన కిందికి వచ్చేలా గానీ పడుకోబెట్టి గానీ, ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోతున పెట్టండి. మరీ పైపైన పెడితే మొక్క పెంకును టోపీలా నెత్తిన పెట్టుకొని పైకి వస్తుంది. మట్టి బరువు, తడి ఉంటేనే ఆ పెంకు లోపలే ఊడిపోతుంది. టోపీతో వచ్చిన మొక్క కనిపిస్తే దాని మీద ఒక నీటి చుక్క వేసి, గంట ఆగి, పెంకు మెత్తబడ్డాక గోటితో పక్కకు నెట్టండి. పొడిగా ఉండగా లాగితే రెండు ఆకులూ దానితోపాటే వచ్చేస్తాయి.

మట్టి విషయంలో కోనసీమవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. మనకు కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతుంది, అది నారుకు చక్కని ఆధారం కూడా. అయితే కడగని కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. ఉప్పుగాలి తగిలే తోటల నుంచి, ఉప్పునీటిలో పీచు నానబెట్టిన చోటు నుంచి వచ్చినదైతే మరీ ఎక్కువ. మంచినీటిలో నానబెట్టి పిండడం కనీసం మూడుసార్లు చేయాలి. పిండిన నీరు మొదట డికాక్షన్ రంగులో వస్తుంది, అది లేత టీ రంగుకు తేలాక వాడుకోవచ్చు. నీటికీ ఇదే మాట వర్తిస్తుంది. కొన్నేళ్ల క్రితం తీరప్రాంతపు గ్రామం నుంచి ఒక పెద్దాయన వచ్చి, నా దగ్గర కొన్న టమాటా విత్తనం ఒక్కటీ మొలవలేదని తగవు పెట్టుకున్నారు. అదే ప్యాకెట్టులో మిగిలిన గింజలను ఆయన ఎదుటే రెండు గుడ్డల్లో కట్టాను: ఒకటి మా కాలువ నీటితో, రెండోది ఆయన సీసాలో తెప్పించిన బోరు నీటితో. వారానికి మొదటి గుడ్డలో చాలావరకు మొలిచాయి, రెండోదానిలో గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఉప్పునీరు చుట్టూ ఉన్నప్పుడు గింజ నీటిని లోపలికి లాక్కోలేదు. తడిలో ఉండి కూడా దాహంతో ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోర్ల మీదే ఆధారపడే తీర గ్రామాలలో వాననీరు రెండు క్యాన్లు దాచుకొని విత్తనాలకు మాత్రమే వాడడం నేను చెప్పగలిగిన సలహా.

విత్తనం నాణ్యత గురించి కూడా మీకు సందేహం ఉన్నట్టుంది. ప్యాకెట్టు మీద మొలక శాతం, పరీక్షించిన తేదీ, గడువు ముద్రించి ఉంటాయి. కాకర, బీర, సొర వంటి తీగ కూరగాయలకు మన దేశంలో కనీస మొలక ప్రమాణం 60 శాతం. మిరపకూ అంతే, బెండకు 65, టమాటాకు 70, వరికి 80. అంటే పది కాకర గింజల్లో ఆరు మొలిస్తే ఆ ప్యాకెట్టు ప్రమాణం ప్రకారం నెగ్గినట్టే, అదీ పరీక్షశాలలోని అనుకూల పరిస్థితుల్లో. కాబట్టి నాలుగు మొక్కలు కావలసినవారు ఎనిమిది గింజలైనా పెట్టాలి. మూతి తెరిచిన ప్యాకెట్టును వంటింటి అల్మారాలో ఉంచితే మన డెల్టా గాలిలోని తేమకు అది ఒక వర్షాకాలం గడిచేసరికే నీరసిస్తుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయువు ఇంచుమించు రెట్టింపు అవుతుందని విత్తన శాస్త్రం చెప్పే లెక్క. మిగిలిన గింజలను ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే సీసాలో వేయించి చల్లార్చిన బియ్యం ఒక మూటగట్టి వేసి, ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీసినప్పుడు సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

గింజల మీద గులాబీ రంగో ఆకుపచ్చ రంగో పూత ఉంటే అది తెగుళ్ల మందు. వాటిని పిల్లలకు అందకుండా ఉంచి, నానబెట్టిన నీళ్లను మొక్కలకో పెరట్లో కోళ్లు తిరిగే చోటో పోయకండి. పూత లేని గింజలకు పేడ, గోమూత్రం, సున్నం కలిపి చేసే బీజామృతం పట్టించి నీడన ఆరబెట్టడం మంచిదే గానీ, రాత్రంతా అందులోనే నానబెట్టడం నేను చేయను.

పెరట్లో పండిన కాయ నుంచి తీసిన గింజ అయితే ఇంకో సంగతి ఉంది. కొన్ని గింజలు కోసిన వెంటనే మొలవవు, కొంతకాలం నిద్రపోతాయి. వరిలో ఈ నిద్ర మనకు మేలు చేస్తుంది: నవంబరు తుపానుకు చేను పడిపోయి వెన్నులు నీళ్లలో నానినా, నిద్రావస్థ ఉన్న రకం వెన్ను మీదే మొలకెత్తదు. మారుటేరు వరి పరిశోధన స్థానం రకాలు కొన్నిటిలో ఈ గుణం ఉంది. అటువంటి వడ్లను కోసిన వెంటనే మళ్లీ విత్తాలంటే లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్), నిద్ర ఎక్కువ ఉన్న రకాలకు 10 మిల్లీలీటర్లు కలిపి, 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కడతారు. ఇది రైతులు జాగ్రత్తగా చేసుకునే పని. మేడ మీద తోటకు ఆమ్లాల జోలికి పోవద్దు. పండి పగిలిన కాకరకాయ నుంచి ఎర్ర గుజ్జును కడిగేసి, గింజను నీడలో ఆరబెట్టి, నెల రోజులు ఆగితే సరిపోతుంది. బొప్పాయి గింజ చుట్టూ ఉండే జిగురు సంచి మొలకను ఆపుతుంది కనుక బూడిదతో రుద్ది కడగాలి. కరివేపాకు పండ్లు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం: ఎండితే చచ్చిపోతాయి, చెట్టు నుంచి తెచ్చిన నాలుగైదు రోజుల్లోనే పెట్టాలి.

మండె పద్ధతి అన్నిటికీ కాదు. టమాటా, వంగ, మిరప వంటి చిన్న గింజలను మొలకెత్తించి తీస్తే వేరు తెగుతుంది. వాటిని నేరుగా ట్రేలో పెట్టి, టమాటాకు వారం, మిరపకు పది పన్నెండు రోజులు ఓపిక పట్టాలి. చిక్కుడు, బీన్స్ ఎక్కువ నానితే బద్దలు విడిపోతాయి కనుక మూడు నాలుగు గంటలు చాలు. ధనియాలను చెప్పు కింద నలిపి రెండు బద్దలు చేసి నానబెట్టండి. తోటకూర గింజలు ఇసుకతో కలిపి పైన చల్లడమే. చీమలు మోసుకుపోతుంటే ఒక మూల చిటికెడు బొంబాయి రవ్వ వేస్తాను, అవి అటు తిరుగుతాయి.

ఇక మీ కుండీలో మిగిలిన గింజలు. తప్పకుండా తవ్వి చూడండి. పన్నెండు రోజులయ్యాక తవ్వడం వల్ల పోయేదేమీ లేదు. టీస్పూనుతో పక్క నుంచి లేపి, గింజను రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. మెత్తగా అణిగి, చీము వంటి ద్రవం కారితే అది కుళ్లిపోయింది. ఆ చుట్టూ ఉన్న గుప్పెడు మట్టిని కూడా తీసి ఎండలో పరచండి. గట్టిగా ఉంటే కడిగి, ఒక్కదాన్ని బలిచేసి పెంకు ఒలిచి చూడండి: పప్పు తెల్లగా, లోపలి పలచని ఆకుపచ్చ పొరతో బిగువుగా ఉంటే మిగిలినవి బతికే ఉన్నాయి. వాటిని మళ్లీ నానబెట్టవలసిన పని లేదు, అప్పటికే నీరు పట్టి ఉంటాయి. కాకర గింజలకు మాత్రం మొన దగ్గర పెంకును పైన చెప్పినట్టు రవ్వంత కత్తిరించి, ఈ రాత్రికే తడిగుడ్డలో కట్టి హాట్‌బాక్సులో పెట్టండి. వచ్చిన నాలుగు మొక్కలకు ఇకపై సాయంత్రం నీళ్లు మానేసి, ఉదయం ఎనిమిది దాటాక, వేలు మట్టిలో పెడితే పొడి తగిలిన రోజున మాత్రమే పోయండి.